ఉడకబెట్టక ముందు పెట్టిన బొట్టు

ఆ రోలర్లు కోసింది నేను. ముందు ఈ ఒక్క మాట చెప్పేసి తర్వాత మిగతాది చెప్తాను. ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు.

నా పేరు దేవరాజులు. మదనపల్లెలో సి.టి.ఎం. రోడ్డు పక్క సందులో నాకొక లేతు మిషను ఉంది. చదువు ఏడో తరగతి. పని నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. చెడగొట్టిన ఇనుమే నేర్పింది. పట్టు దారం పేనే మిషన్లకు చిన్న అల్యూమినియం రోలర్లు కావాలి, బొటనవేలంతవి. దారం వాటి మీదుగా జారుతూ పోతుంది. ప్రతి రోలరు కడుపులో ఒక బేరింగు కూర్చోవాలి. సుత్తితో కొడితే గానీ దిగకపోతే ఆ పని తప్పు. చెయ్యి వదిలితే ఊడి పడినా తప్పే. బొటనవేలితో నొక్కితే టప్పుమని కూర్చోవాలి, మళ్ళీ లేవకూడదు. ఆ టప్పు కోసం ఇరవై ఏళ్ళు నిలబడ్డాను. కాళ్ళలో నరాలు ఉబ్బినాయి.

అయితే ఉత్త అల్యూమినియం మీద పట్టు పరిగెత్తితే దారానికి నల్లటి మసి అంటుకుంటుంది. ఆ దారంతో నేస్తే చీర మీద చారలు. దానికి మందు ఆనోడైజింగ్. రోలరును యాసిడు నీళ్ళలో వేలాడదీసి కరెంటు పెడితే దాని ఒంటి మీదే గట్టి పొర పుడుతుంది. పెయింటు కాదది, ఊడిరాదు. ఆ పొర నిండా కంటికి కనపడని బొక్కలు. రంగులో ముంచితే ఆ బొక్కలు రంగు తాగుతాయి. తర్వాత మరిగే నీళ్ళలో ఉడకబెడితే మూసుకుంటాయి. అప్పుడు లోపల ఏముంటే అది లోపలే. గోళ్ళతో గోకినా రాదు, దేవుడొచ్చి గోకినా రాదు.

ఆ పని చేసేది నా చెల్లెలు సుధారాణి. పుంగనూరులో అత్తగారింట్లో, పెరట్లో స్నానాల రేకుల షెడ్డులో. మొగుడు వెంకటముని పాల వ్యాను తోలతాడు, తెల్లారక ముందే పోతాడు. ఆమె ఫోన్లో చూసి నేర్చుకుంది. నాలుగు ప్లాస్టిక్ తొట్లు, బ్యాటరీ షాపులో తెచ్చిన యాసిడు, సీసం రేకులు రెండు, పాత చార్జరు ఒకటి. రంగు మాత్రం మా నీరుగట్టువారిపల్లె పట్టు అద్దకం వాళ్ళ దగ్గర కొన్నది. పట్టుకు పట్టే రంగు ఈ పొరకూ పడుతుందని కనిపెట్టింది ఆమే. బియస్సీ చదివింది కదా.

ఆమె బియస్సీలో చేరిన ఏడాదే నా కుడిచేతి ఉంగరం వేలి కొస పోయింది. పగలు ఒక షాపు, సాయంత్రం ఇంకో షాపు, నిద్ర చాలక, ముక్కను పట్టుకుని గిరగిరా తిరిగే లేతు చక్‌లో చెయ్యి పెట్టినాను. రెండు షాపులు యాల అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పకుండా లోపల పెట్టుకున్నది ఊరుకుంటుందా? పులుస్తుంది.

*

కుప్పంలో తేజస్విని అని ఒకామె ఉంది. ఇంజినీరింగు చదివి, ఉద్యోగం వద్దని షెడ్డు వేసుకుని పట్టు మిషన్లు తయారు చేస్తుంది. శాంపిలు రోలర్లు నాలుగు తీసుకుని అన్నాచెల్లెళ్ళం పలమనేరు మీదుగా బస్సులో పోయినాం. ఆమె తెల్ల పట్టు దారం తీసుకుని రోలరు మీద అటూ ఇటూ బాగా రుద్దింది. దారాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. మసి లేదు.

"అబ్బ! ఈ రంగు సూడండి, బంగారం మాదిరి ఉండాది. ఎవరు చేసినారమ్మా?"

"నేనేనండీ. ఇంట్లోనే," అంది సుధ.

"ఇంట్లోనా! ఏం చెప్తాండారు! హోసూరు ఫ్యాక్టరీలో కూడా ఇంత సమంగా రాలేదు నాకు."

నేను బేరింగు తీసి రోలర్లో నొక్కినాను. టప్పుమంది. ఆమె తల తిప్పలేదు. ఫోను తీసి సుధ చేతిలో రోలరు పెట్టి ఫోటో పట్టుకుంది. పట్టుకుని నాతో అంది:

"అన్నా, కొంచెం పక్కకు జరగండి. నీడ పడతాంది."

జరిగినాను. ఏం చేస్తాం. ఈ దేశంలో ముక్క కోసినోడు ఎప్పుడూ పక్కకు జరగాల్సిందే. గోడ కట్టినోడిని ఎవడు అడిగినాడు, సున్నం కొట్టినోడిని మెచ్చుకుంటారు గానీ.

మాట అయింది. మొదటి నాలుగు మిషన్లకు నలభై ఎనిమిది రోలర్లు, వచ్చే బుధవారానికి. అవి బాగుంటే ఏడాది పొడుగునా పని సుధకే. బాగాలేకపోతే హోసూరు ఫ్యాక్టరీకే. ఇంకొకటి కూడా చెప్పింది తేజస్విని. మిషను మీద రేకు పలక కొడుతుందట. దాని మీద "ఆనోడైజింగ్: సుధారాణి, పుంగనూరు" అని రాయిస్తుందట.

బస్సులో సుధ కిటికీ పక్కన కూర్చుని నవ్వుతానే ఉంది.

"మిషను మీద నా పేరన్నా! మా అత్తకు చెప్తే వీధి వీధంతా దండోరా వేస్తాది."

"ఊఁ."

"నీ పేరు గూడా వేయమని అడుగుదునా?"

"నాకేం పని? పేరు కూడు పెడతాదా?"

ఆమె ఒక్కసారే అడిగింది. రెండోసారి అడిగుంటే ఊఁ అనేవాణ్ణి. అడగలేదు. పలమనేరులో దిగి రెండు పొట్లాలు వేరుశెనక్కాయలు కొన్నాను, రెండూ నేనే తిన్నాను.

*

శుక్రవారం పొద్దున్నే నలభై ఎనిమిదీ గుడ్డలో చుట్టుకుని పుంగనూరు పోయినాను. ఇచ్చేసి రావచ్చు. రాలేదు. చూడాలని ఉండిపోయినాను. కుళ్ళుపడేవాడికి చూడటం ఒక రోగం. చూస్తే మండుతుంది, చూడకపోతే ఇంకా మండుతుంది.

శుక్రవారం పొద్దు సుధ వాళ్ళ అత్త సుభద్రమ్మది. డెబ్బై ఏళ్ళ మనిషి. తలంటుకుని, ఇంట్లో ఏ వస్తువునూ వదలదు. గడపకు, పొయ్యికి, గ్యాసు బండకు, బ్యాటరీ చార్జరుకు, యాసిడు తొట్టి అంచుకు కూడా బొట్టు. కోడలి పనిని మొగుడే మొదట్లో ఎగతాళి చేస్తే, "నువ్వు పాలు అమ్ముతాండావు, అది బంగారం చేస్తాంది, నోరు ముయ్యి" అన్న మనిషి ఆమె.

మొదట్లో ఒక తప్పు జరిగింది. మొట్టమొదటి రోలరు రంగులోంచి తీసి ఆరబెట్టింటే, సంబరం పట్టలేక సుభద్రమ్మ దానికి బొట్టు పెట్టేసింది. అప్పటికి ఉడకబెట్టలేదు. బొక్కలు కుంకుమ కూడా తాగేసినాయి. బంగారు రంగు మీద ఎర్రటి చుక్క, గుండ్రంగా, చింతగింజంత. ఇంక పోలేదు. ఆ రోలరు ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది. అప్పటినుంచి సుధ చట్టం పెట్టింది. ఉడికినాక ఎన్ని బొట్లయినా పెట్టుకో, తుడిస్తే పోతాది. ఉడకక ముందు ముట్టుకోవద్దు.

ఆ పొద్దు కూడా సుభద్రమ్మ కుంకుమ పళ్ళెం పట్టుకుని షెడ్డు వాకిట్లో నిలబడింది.

"ఉడికిందా అమ్మీ?"

"ఇంకా లేదత్తా. పప్పు గాదు, పది నిమిషాలకు ఉడికేదానికి."

"పప్పే నయం. మూత తీస్తే తెలస్తాది."

పళ్ళెం కిటికీలో పెట్టి, వీధి వాకిలి కడగను పోయింది.

సుధ చేతులకు తొడుగులు వేసుకుంది. రోలర్లను సబ్బుతో కడిగింది, కాస్టిక్ సోడాలో ఒక్క క్షణం ముంచింది, బ్యాటరీలకు పోసే శుద్ధమైన నీళ్ళలో జాడించింది. అల్యూమినియం తీగెకు ఒక్కొక్కటే కట్టింది. రాగి తీగె పనికిరాదట, కరిగిపోతుందట. యాసిడులోకి దించి కరెంటు పెడితే సన్నగా బుడగలు లేచినాయి. గంట అయింది. తీసి రంగులో ముంచింది. నా తెల్ల ముక్కలు నా కండ్ల ముందరే బంగారమైనాయి. అంత అందంగా ఉన్నాయి. ఆ అందమే నన్ను పొడిచింది. నేను రెండు రోజులు నిలబడి కోసినప్పుడు ఎవరికీ కనపడనిది, రంగు తాగంగానే కనపడింది.

అప్పుడే ఫోను మోగింది. తేజస్విని. లోపల సిగ్నలు సరిగా రాదు. సుధ రోలర్లు వేలాడే ఆ తీగె దండేన్ని నీళ్ళ తొట్టి పైన తగిలించింది.

"నీళ్ళు కారనీ అన్నా. ముట్టుకోవద్దు. వచ్చి ఉడకబెడతా."

నవ్వుతా వీధిలోకి పోయింది. "ఆఁ మేడం, బాగా వచ్చినాయి మేడం" అంటాంది. నేను వింటానే ఉండాను. బాగా వచ్చినాయట. ఎక్కడినుంచి వచ్చినాయి? ఆకాశంలోంచా?

కిటికీలో పళ్ళెం. ఎదురుగా నలభై ఎనిమిది.

ఇప్పుడు నేను పిచ్చిపట్టి చేసినానని, తెలీక చేసినానని చెప్పుకోవచ్చు. అబద్ధం. తెలిసే చేసినాను. గోడవైపు తిరిగిన పక్కన, ఆమె కంటికి కనపడని పక్కన, కుంకుమలో వేలు అద్ది ఒకటి పెట్టినాను. చెయ్యి ఆగలేదు. పదకొండు పెట్టినాను. పైగా మనసులో ఏమనుకున్నానో తెలుసా? శుక్రవారం, బొట్టు, పుణ్యమే కదా అనుకున్నాను. దొంగకు దేవుడు ఎప్పుడూ దగ్గరే ఉంటాడు.

చెయ్యి లుంగీకి తుడుచుకున్నాను. సుధ వచ్చింది, దండెం ఎత్తి మరిగే గిన్నెలోకి దించింది, మూత పెట్టింది.

"ఉండన్నా, సూసి పో."

"బస్సుకు టైమయింది," అని వచ్చేసినాను.

*

శనివారం పొద్దున్నే ఫోను. సుధ ఏడుపు.

"అత్త బొట్లు పెట్టేసిందన్నా. పదకొండు రోలర్లకు. ఎన్నిసార్లు చెప్పినా! నోటికొచ్చినట్టు తిట్టేసినా. ముందు నేను పెట్టలేదే అనింది. పళ్ళెం నీ చేతిలోనే ఉన్నింది గదా అంటిని. కొంచేపు నన్నే సూసి, పెట్టినానేమో అమ్మీ, మతిమరుపు అనింది. రాత్రి అన్నం తినలేదు. కుంకుమ పళ్ళెం తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసింది."

నిజం చెప్తాను. నాకు ముందు వచ్చింది సంతోషమే. ఇంక పలక లేదు, పేరు లేదు, ఫోటో లేదు. సుభద్రమ్మ సంగతి ఆ తర్వాత తలకెక్కింది. ఎక్కినా ఏమన్నాను?

"ముసలామె గదా. పోనీలే అమ్మణ్ణీ," అన్నాను.

అంతకంటే నీచమైన మాట నా నోట్లోంచి ఇంతవరకూ రాలేదు.

*

ఆదివారం పదకొండు గంటలకు సుధ నా షాపుకొచ్చింది. చెప్పకుండా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిగుడ్డ విప్పి రెండు రోలర్లు లేతు ఇనప బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి దేవుడి గూట్లోది. రెండోది శుక్రవారానిది.

"సూడు."

"ఏం సూడాల?"

"నీకు వెర్నియరు పెట్టి వెంట్రుక మందం కొలిచే కండ్లు గదా. సూడు."

చూసినాను. గూట్లోది గుండ్రంగా, నిండుగా ఉంది. కొత్తది సగం కోసిన గింజలాగా, ఒక పక్క చదునుగా ఉంది. మధ్యలో అడ్డంగా ఒక సన్న గీత, ఎరుపు పట్టని గీత.

నా వేలి మీద కుట్లు వేసిన గీత అది.

కుంకుమ ఎవరైనా ఉంగరం వేలితోనే పెడతారు. చిన్నప్పటినుంచి చేతికి అంతే తెలుసు. బొటనవేలితో అద్దింటే సరిపోయేది, చూపుడు వేలితో అద్దింటే ఎవరికీ తెలిసేది కాదు. పాడు చేయడానికి పోయిన చెయ్యి కూడా పద్ధతి తప్పలేదు. మొండి వేలు, పదకొండుసార్లు. వాటిని మళ్ళీ ఆమే ఉడకబెట్టింది, ఎప్పటికీ పోకుండా.

సుధ నా చెయ్యి పట్టుకుంది. ఆ వేలు తీసుకొచ్చి మరక మీద పెట్టింది. అచ్చు సరిపోయింది. బేరింగు మాదిరి.

"యాల అన్నా?"

చెయ్యి లాక్కోబోయినాను. వదలలేదు.

"నిన్నే. యాల?"

"ముక్క నాది."

"నీదే. కాదన్నానా?"

"నీడ పడతాంది పక్కకు జరగమనింది. నువ్వు పక్కనే ఉండావు. మా అన్న కోసినాడని ఒక్క మాట అనలేదు."

ఆమె నా చెయ్యి వదిలేసింది.

"అనలేదు. ఒక్కసారి నన్ను మాత్రమే సూస్తాండారు గదా, ఇంకొంచేపు సూడనీ అని అనలేదు. తప్పే. నన్ను తిట్టాల్సింది. జుట్టు పట్టుకుని కొట్టాల్సింది. దానికి మా అత్త నోట్లో మన్ను కొడతావా? అప్పటినుంచి నాతో తలెత్తి మాట్లాడలేదు ఆమె."

"నా వేలు యాల పోయిందో తెలుసునా నీకు?"

"తెలుసు. రెండో షాపు నా ఫీజుకని తెలుసు. అమ్మ చెప్పింది. నువ్వు చెప్తావేమోనని ఇన్నేండ్లూ సూస్తాండా. చెప్పింటే కాళ్ళు మొక్కుదును. చెప్పకుండా పెట్టుకుని, ఇట్ల తీర్చుకున్నావు."

రెండు రోలర్లూ మళ్ళీ చేతిగుడ్డలో చుట్టేసింది.

"బుధవారానికి కావాల," అంది.

"మరకలు కాస్టిక్‌లో వేసి తీసేస్తే?"

"పొర పోతాది, పొరతో పాటు ముక్క తగ్గతాది. బేరింగు వదులైపోతాది. నాకన్నా నీకే తెలుసు."

"పదకొండు కోసిస్తా."

"పదకొండు చాలవు. ఒకే తొట్టిలో ఒకే గంట మునిగితేనే ఒకే రంగు. నలభై ఎనిమిదీ కావాల."

కడ్డీ తీసి చక్‌కు బిగించినాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. నేను కోసిన ప్రతి రోలరూ తీసుకుని బేరింగు నొక్కి చూసింది. టప్. పక్కన పెట్టింది. టప్. నాలుగున్నర బస్సుకు లేచి పోయింది. అప్పటికి ఇరవై మూడు అయినాయి. నా పనిని అంత శ్రద్ధగా విన్న మనిషి ఆ పొద్దు దాకా ఎవరూ లేరు. వినింది ఎవరు? నేను ఎవరి కూడు పడగొట్టానో ఆమె.

*

మిగతా ఇరవై ఐదూ కోసి సోమవారం మధ్యాహ్నానికి పుంగనూరు చేరినాను. సుభద్రమ్మ వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తాంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అత్తా. ఆ బొట్లు పెట్టింది నేను."

చేతిలో పని ఆపలేదు ఆమె.

"నేను పెట్టలేదని నాకు తెలీదా ఏమి? పిచ్చిదాన్ననుకుంటివా?"

"మరి ఒప్పుకుంటివే?"

"ఆ పొద్దు ఇంట్లో ముగ్గురమే ఉంటిమి. అమ్మి పెట్టుకోదు. నేను పెట్టలేదు. ఇంక మిగిలింది ఎవరు, చార్జరా? అన్న పెట్టినాడని తెలిస్తే దానికి పుట్టిల్లు పోతాది. అత్త పెట్టిందంటే ఏం పోతాది, రెండు పూటలు కూడు." ఒక పిక్క తీసి పడేసింది. "అయినా అదే కనిపెట్టేసె. చదువుకున్నోళ్ళతో ఇదే తంటా."

నేను కింద పడిన పిక్కలు ఏరుతా కూర్చున్నాను.

"ఇంకోటి చెప్తా విను దేవరాజులూ. కడుపుమంట అందురికీ ఉంటాది. నాకు మా తోడికోడలి మీద నలభై ఏండ్లు ఉన్నింది. అయితే దొంగపని నీకు చేతగాదప్పా. ఏలు గూడా మార్చుకోలేకపోతివి!"

నవ్వేసింది. షెడ్డులో సుధ వింటానే ఉంది. నవ్వలేదు. సుభద్రమ్మ లేచి బీరువా తాళం తీసి కుంకుమ పళ్ళెం బయట పెట్టింది.

బుధవారం కుప్పం పోయినాం. తేజస్విని దారం రుద్దింది, వెలుతురుకు పెట్టింది, సంతోషపడింది. "రంగు మళ్ళా అట్లే వచ్చిందమ్మా!" అంది.

సుధ గట్టిగా చెప్పింది: "కోసింది మా అన్న, మేడం. దేవరాజులు. మదనపల్లె."

"ఓ, అవునా? గుడ్," అంది తేజస్విని. అని మళ్ళీ రంగు చూడను పోయింది.

అంతే. ఇన్నేళ్ళూ నేను కోరుకున్న మాట పలికి, విని, అయిపోయింది. ఒక్క "గుడ్". దాని కోసం నేనంత పని చేసినాను.

ఏడాది పని సుధకే వచ్చింది. పలక మీద ఆమె పేరే ఉంది. చూసినప్పుడల్లా ఇప్పటికీ కడుపులో కొంచెం మండుతుంది. పోయిందని చెప్తే నమ్మొద్దు. ఆ పదకొండింటిలో ఒకదాన్ని సుభద్రమ్మ దేవుడి గూట్లో తన రోలరు పక్కనే పెట్టింది. గుండ్రటి చుక్క ఒకటి, మొండి చుక్క ఒకటి. సుధ తీసేయమంటే, "ఉండనీ, ఇద్దురం తప్పు చేసినోళ్ళమే" అందట.

ఇప్పుడు ప్రతి శుక్రవారమూ రోలర్లు తీసుకుని నేనే పోతాను. సుధ అన్నం పెడుతుంది, నీళ్ళిస్తుంది, పిల్లల సంగతులు చెప్తుంది. కానీ షెడ్డు వాకిలి దగ్గరికి రాగానే అడ్డం నిలబడుతుంది.

"చేతులు సూపించన్నా."

రెండు చేతులూ చాపుతాను. తిప్పి చూపిస్తాను. ఆమె పది వేళ్ళూ చూస్తుంది, మొండి వేలు దగ్గర కొంచెం ఎక్కువసేపు చూస్తుంది. తర్వాత గుడ్డలో మూట తీసుకుంటుంది.

"ఆడే నిలబడు," అంటుంది.

నిలబడతాను.